ఇరుకు నీటిలో చేప: మేత, విసర్జన, వాసనలు

చేప ఒంట్లోంచి బయటికి పోయే నత్రజనిలో ఎక్కువ పాలు మూత్రంలో పోదు. మొప్పల గుండా అమోనియా రూపంలో పోతుంది. ఈ సంగతిని ప్రయోగంతో తేల్చినవాడు అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త హోమర్ స్మిత్. 1929లో ప్రచురించిన పనిలో ఆయన కార్ప్ చేపనూ గోల్డ్‌ఫిష్‌నూ రెండు అరలున్న తొట్టెలో, తల ఒక అరలో, తోక మరో అరలో ఉండేలా నిలిపి, ఏ అర నీటిని ఆ అరగా పరీక్షించాడు. మొప్పలున్న వైపు నీటిలోకి చేరిన నత్రజని, మూత్రం పడే వైపు చేరినదానికన్నా 6 నుంచి 10 రెట్లు ఎక్కువ ఉంది. తర్వాత వచ్చిన పరిశోధనలు ఈ లెక్కను స్థూలంగా బలపరిచాయి. మంచినీటి ఎముక చేపల్లో సాధారణంగా 80 శాతానికి పైగా నత్రజని మొప్పల దారినే, అమోనియాగానే పోతుంది. మిగిలినదాంట్లో యూరియాదే పెద్ద వాటా.

నేలమీది జంతువుకు ఈ వెసులుబాటు లేదు. అమోనియా విషం; దాన్ని ఒంట్లో దాచుకోవాలంటే యూరియాగానో యూరిక్ ఆమ్లంగానో మార్చుకోవాలి, అందుకు శక్తి ఖర్చు పెట్టాలి. చేప చుట్టూ నీరుంది కాబట్టి పుట్టిన అమోనియాను పుట్టినట్టే వదిలేస్తుంది. మొప్పల పొరలో అమోనియాకు దారి ఇచ్చే ప్రొటీన్లను 2007లో పఫర్‌ఫిష్‌లోనూ రెయిన్‌బో ట్రౌట్‌లోనూ గుర్తించారు. మనిషి రక్తపు గ్రూపులో ఆర్‌హెచ్ పేరుతో తెలిసిన ప్రొటీన్ల కుటుంబానికి చెందినవే ఇవి. మొప్పను ఆనుకుని ఉండే పలచని నీటి పొరను చేప తాను వదిలే ఆమ్లంతో, బొగ్గుపులుసు వాయువుతో కొంచెం పుల్లబరుస్తుంది. అక్కడికి చేరిన అమోనియా వాయువు అమోనియం అయాన్‌గా మారిపోతుంది, తిరిగి లోపలికి రాలేదు. చుట్టూ ఉన్న నీటి క్షారత బాగా పెరిగితే ఈ ఉపాయం పనిచేయదు, అమోనియా రక్తంలోనే వెనక్కి నిలిచిపోతుంది.

అందువల్ల నీటిలో అమోనియా ఎంత ఉందన్న ప్రశ్నకన్నా, ఏ రూపంలో ఉందన్నదే ముఖ్యం. 30 డిగ్రీల సెల్సియస్ నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమోనియాలో విషపూరితమైన వాయు రూపం 1 శాతం కూడా ఉండదు. పీహెచ్ 8కి పెరిగితే అది సుమారు 7.5 శాతం, 9కి పెరిగితే సుమారు 45 శాతం. అంటే విసర్జన రవ్వంత కూడా పెరగకుండానే, నీటి స్వభావం మారినంత మాత్రాన ప్రమాదం యాభై రెట్లకు పైగా పెరగవచ్చు. పాచి ఎక్కువైన చెరువులో మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాటడం అరుదేమీ కాదు.

అమోనియా వెళ్లే దారుల్లోనే మరికొన్ని పదార్థాలు కూడా వెళ్తాయి. స్వేచ్ఛగా ఉన్న స్టెరాయిడ్ హార్మోన్లు మొప్పల గుండా జారిపోతాయి. గ్లూకురోనిక్ ఆమ్లంతోనో సల్ఫేట్‌తోనో జతకట్టినవి మూత్రంలోనూ పిత్తంలోనూ పోతాయి. పిత్త లవణాలు మలంతో పాటు బయటపడతాయి. తోటి చేప ముక్కు ఈ పదార్థాలనే వాసనగా పట్టుకుంటుంది. విసర్జననూ సంకేతాన్నీ పాఠ్యపుస్తకాలు వేర్వేరు అధ్యాయాల్లో చెప్తాయి కానీ, చేప విషయంలో ఈ విభజన కృత్రిమం. అదే అణువు ఒకచోట వ్యర్థం, మరోచోట వార్త. ఇరుకుతనం, మేత ఈ రెండింటి మీద చూపే ప్రభావాన్ని కలిపి చూడవలసి రావడానికి కారణమిదే.

మేత ప్రభావం

ఇరుకుతనం, మేతల్లో మేత ప్రభావం సూటిగా ఉంటుంది, లెక్కకు దొరుకుతుంది. ప్రొటీన్ బరువులో సుమారు 16 శాతం నత్రజని. 30 శాతం ప్రొటీన్ ఉన్న మేత 100 కిలోలు వేస్తే అందులో 4.8 కిలోల నత్రజని ఉన్నట్టు. పెంపకపు చేపలు ఇందులో సాధారణంగా 25 నుంచి 40 శాతం మాత్రమే కండగా నిలుపుకుంటాయి. 30 శాతం నిలిచిందనుకుంటే సుమారు 3.4 కిలోలు నీటిలోకే చేరుతుంది. అందులో ఎక్కువభాగం కరిగిన అమోనియాగా, తక్కువభాగం మలంగా, తినకుండా వదిలిన మేతగా ఉంటుంది.

ఒక పూట మేత తర్వాత విసర్జన ఎలా సాగుతుందో బ్రెట్, జాలా అనే ఇద్దరు కెనడాలో సాకై సాల్మన్ పిల్లల మీద చూపించారు. 1975లో వచ్చిన ఆ వ్యాసం ఇప్పటికీ ఈ రంగంలో మొదట ఉదాహరించేదే. మేత తిన్న నాలుగు, నాలుగున్నర గంటలకు అమోనియా విసర్జన పరగడుపు స్థాయికి సుమారు నాలుగు రెట్లకు చేరి, తర్వాత దిగింది. యూరియా విసర్జన మాత్రం రోజంతా దాదాపు ఒకే తీరున ఉంది. అంటే అమోనియాలో ఒక భాగం ఒంటి కండరాలు నిత్యం కరిగి మళ్లీ కట్టుకోవడం వల్ల వచ్చేది, ఇంకో భాగం ఆ పూట తిన్న మేత నుంచి వచ్చేది. పస్తు పెడితే రెండోది ఆగిపోతుంది, మొదటిది తగ్గుతుంది కానీ ఆగదు. చేపపిల్లను దూర ప్రాంతాలకు పంపే ముందు ఒకటి రెండు రోజులు మేత ఆపడం వెనక ఉన్న శాస్త్రం ఇదే. సంచిలో నీరు కొద్ది, పిల్ల ఎక్కువ. కడుపు ఖాళీగా ఉంటే ఆ కొద్ది నీటిలో అమోనియా నెమ్మదిగా చేరుతుంది.

ప్రొటీన్ మొత్తం ఎంతన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. చేప శరీరానికి కావలసిన అమైనో ఆమ్లాల్లో ఏ ఒక్కటి తక్కువైనా, మిగిలినవి ఎంత ఉన్నా కండ కట్టవు; వాటిని చేప కాల్చేసి అమోనియాగా పారేస్తుంది. మొక్కల నుంచి వచ్చే ప్రొటీన్లలో తరచు లైసిన్, మెథియొనిన్ తక్కువ. సోయా, వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క చేపపొడి స్థానాన్ని ఆక్రమించిన కొద్దీ ఈ చిక్కు ముందుకొస్తుంది. కొరతగా ఉన్న అమైనో ఆమ్లాన్ని విడిగా కలిపితే విసర్జన తగ్గుతుంది. రెండో మార్గం శక్తిని ప్రొటీన్ నుంచి కాకుండా కొవ్వు నుంచి అందించడం. నార్వే సాల్మన్ మేతల్లో దశాబ్దాలుగా నూనె శాతం పెరుగుతూ రావడం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి. కార్ప్ జాతులకు పిండిపదార్థాలను వాడుకునే శక్తి సాల్మన్‌కన్నా మెరుగు కాబట్టి, వాటికి ఈ పనిలో కొంత తవుడు కూడా అక్కరకొస్తుంది.

కొల్లేటి చుట్టుపక్కల కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల్లోని చెరువులది వేరే లెక్క. అక్కడ శీలావతి ఎక్కువ, బొచ్చె తక్కువ. ప్రధానమైన మేత నూనె తీసిన తవుడు, దాంతో పాటు ఏదో ఒక చెక్క. చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ సంచుల్లో దీన్ని నింపి నీటిలో వేలాడదీస్తారు. చేప వచ్చి చిల్లుల దగ్గర లాగి తింటుంది. సంచిలో మిగిలింది కంటికి కనిపిస్తుంది కాబట్టి మేత వృథా తగ్గుతుంది. కారుఖానా మేతతో పోలిస్తే తవుడులో ప్రొటీన్ తక్కువ, పీచు ఎక్కువ. కిలో మేతకు పుట్టే అమోనియా తగ్గుతుంది కానీ, కిలో చేప పెరగడానికి పట్టే మేత పెరుగుతుంది, అరగని పదార్థం అడుగున బురదలో చేరుతుంది. తవుడులోని భాస్వరంలో పెద్ద భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్ చేప కడుపులో లేనందువల్ల అది మలంతోనే పోయి పాచికి ఎరువవుతుంది. చౌక మేత తక్కువ విసర్జన ఇస్తుందనో, ఖరీదైన మేత ఎక్కువ విసర్జన ఇస్తుందనో చెప్పే సూత్రం ఏదీ నిలవదు. చెరువులో పండిన ఒక్కో కిలో చేపకు ఎంత నత్రజని, ఎంత భాస్వరం మిగిలిందన్న లెక్కే నమ్మదగినది.

ఇరుకుతనం

చెరువులో చేపలు రెట్టింపైతే విసర్జన రెట్టింపవుతుంది. ఇది కూడిక మాత్రమే, ఇందులో జీవశాస్త్రం ఏమీ లేదు. అసలు ప్రశ్న వేరు: ఇరుకులో ఉన్న ఒక్కో చేప, విశాలంగా ఉన్న చేపకన్నా ఎక్కువ విసర్జిస్తుందా? చాలా జాతుల్లో అవుననే జవాబు. ఒత్తిడికి లోనైన చేపలో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది, కార్టిసాల్ కండరాల ప్రొటీన్‌ను కరిగిస్తుంది, కరిగిన ప్రొటీన్ అమోనియా అవుతుంది. తిన్న మేత కూడా కండగా నిలవదు. గుంపులో పెత్తనం చేసే చేపకూ అణిగి ఉండే చేపకూ మధ్య తేడా ఇక్కడే బయటపడుతుంది. ట్రౌట్‌లో అణగారిన చేపలో కార్టిసాల్ రోజుల తరబడి దిగదు. అది తినేది తక్కువ, తిన్నదానిలో నిలిచేదీ తక్కువ. తొట్టె సగటు అంకె చూసి తృప్తిపడితే ఈ అంతరం కనబడదు.

దీనికి ఎదురు ఉదాహరణలు తక్కువేమీ లేవు. ఆర్కిటిక్ చార్ అనే చలినీటి చేప పలచగా పెంచినప్పటికన్నా వత్తుగా పెంచినప్పుడే మెరుగ్గా ఎదుగుతుంది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పిల్లలు మరీ పలచగా ఉంటే ఒకదాన్నొకటి కరుచుకుంటాయి, కిక్కిరిస్తే నెమ్మదిస్తాయి. హద్దు గీసుకుని కాపలా కాసే జాతిలో, కాపలా కాయడం సాధ్యం కానన్ని చేపలు చేరితే పోరాటం మానేయడమే లాభం. అందుకే ఘనపు మీటరుకు ఇన్ని కిలోలు దాటితే ఒత్తిడి అని అన్ని జాతులకూ వర్తించే గీత గీయడం కుదరలేదు.

ఇంకో చిక్కు ప్రయోగాల రూపకల్పనలో ఉంది. స్థలం తగ్గించడం ఒకటి, ఒక్కో చేపకు అందే కొత్త నీరు తగ్గించడం వేరొకటి. తొట్టెలో చేపలను పెంచి నీటి ధారను అలాగే ఉంచితే రెండూ ఒకేసారి మారతాయి. ఆ తర్వాత ఎదుగుదల తగ్గితే కారణం పొరుగు చేపా, అమోనియానా, ప్రాణవాయువు కొరతా, మేత దగ్గర పోటీనా తేల్చడం అసాధ్యం. పాత సాహిత్యంలో ఇరుకుతనం పేరిట చెప్పిన ఫలితాల్లో చాలావాటికి ఈ లోపం ఉంది. గోదావరి జిల్లాల్లో చేపపిల్లను ఏడాదిపాటు ఇరుకు చెరువులో, అరకొర మేతతో గిడసబార్చి, తర్వాత పెద్ద చెరువులో వదిలే పద్ధతి ఉంది. విశాలమైన నీరు, కడుపునిండా మేత దొరకగానే ఆ పిల్ల వేగంగా పుంజుకుంటుంది. ఇరుకు చేసిన హాని తాత్కాలికమేనన్నంతవరకు ఇది చూపుతుంది. ఎంత వాటా ఇరుకుది, ఎంత వాటా పస్తుది అన్నదాన్ని మాత్రం ఇది విడదీయదు.

గల్ఫ్ టోడ్‌ఫిష్

ఇరుకుతనం, విసర్జన, సంకేతం మూడూ ఒకే చేపలో ముడిపడిన ఉదాహరణ మెక్సికో సింధుశాఖలోని టోడ్‌ఫిష్. ఫ్లోరిడా తీరంలో సముద్రపు గడ్డి మధ్య, గుల్లల కింద నక్కి ఉండే వికారపు చేప ఇది. స్వేచ్ఛగా, విడిగా ఉన్నప్పుడు తక్కిన ఎముక చేపల్లాగే ముఖ్యంగా అమోనియానే వదులుతుంది. చిన్న తొట్టెలో బంధించినా, పలు చేపలను కలిపి కిక్కిరిసేలా ఉంచినా ఒకటి రెండు రోజుల్లో తీరు మార్చుకుని యూరియా వదలడం మొదలుపెడుతుంది. ప్యాట్రిక్ వాల్ష్, క్రిస్ వుడ్, వారి సహచరులు 1990ల నుంచి దీని వెనకున్న యంత్రాంగాన్ని ఒక్కో మెట్టుగా విప్పారు. ఒత్తిడితో కార్టిసాల్ పెరుగుతుంది. కాలేయంలో గ్లుటమిన్ సింథటేజ్ అనే ఎంజైమ్ జోరందుకుంటుంది. అమోనియా గ్లుటమిన్‌లో బందీ అయి, ఆర్నిథిన్ చక్రం గుండా యూరియా అవుతుంది.

తయారైన యూరియా ధారగా కారదు. రోజుకు ఒకటి రెండుసార్లు, ఒక్కోసారి మూడు గంటలలోపే, విడుదలై ఆగిపోతుంది. వెళ్లేది మూత్రంలో కాదు, మొప్పల్లోని యూరియా వాహకాల గుండా. ఆ విడుదలకు ముందు రక్తంలో కార్టిసాల్ దిగుతుంది, సెరటోనిన్ గ్రాహకం ద్వారా సంకేతం అందుతుంది. కేవలం విషం వదిలించుకోవడమే లక్ష్యమైతే ఇంత కట్టుదిట్టమైన తలుపు ఎందుకన్న ప్రశ్న సహజంగానే లేచింది. 2006లో బరీమో, వాల్ష్ ఒక జవాబు ఇచ్చారు. టోడ్‌ఫిష్‌ను తినే గ్రే స్నాపర్ అమోనియా వాసనను పట్టి వేటను వెతుకుతుంది. అమోనియాకు యూరియా కలిస్తే ఆ వాసన మీద దాడి సన్నగిల్లుతుంది. అంటే యూరియా ఇక్కడ వాసనకు ముసుగు. ఇదే పూర్తి కారణమని చెప్పడం తొందరపాటు అవుతుంది. తోటి టోడ్‌ఫిష్‌లకు కూడా ఈ విడుదలలు ఏదో తెలుపుతాయన్న ఆధారాలూ ఉన్నాయి. ఏదెలా ఉన్నా, యూరియా తయారీకి పెట్టే ఖర్చును విషం భయంతో మాత్రమే వివరించలేమని ఈ చేప నిరూపించింది.

యూరియా చేసుకునే చేపలు ఇంకా ఉన్నాయి కానీ వాటి ఒత్తిడి నీటిది, పొరుగుది కాదు. కెన్యాలోని మగాది సరస్సులో పీహెచ్ 10 దగ్గర బతికే తిలాపియా దాదాపు నత్రజని అంతా యూరియాగానే వదులుతుంది. మన దేశపు ముళ్ల జెల్ల హెటెరోప్న్యూస్టిస్‌లో పూర్తి యూరియా చక్రం ఉందని షిల్లాంగ్‌లోని ఈశాన్య పర్వత విశ్వవిద్యాలయంలో సాహా, రథ చూపారు. బురదలో, గాలి పీల్చి బతకగల ఈ చేపకు నీరు తగ్గే కాలంలో అది అవసరం.

మూత్రం చెప్పే కబురు

గోల్డ్‌ఫిష్ మీద నార్మన్ స్టేసీ, పీటర్ సొరెన్సెన్ 1980ల నుంచి చేసిన పని చేపల ఫెరమోన్ల (తోటి జీవికి అందే రసాయన సంకేతాల) అధ్యయనానికి పునాది. గుడ్డు పక్వానికి వచ్చే ఘడియల్లో ఆడచేప ఒంట్లో పెరిగే ఒక ప్రొజెస్టిన్ స్టెరాయిడ్ నీటిలోకి జారుతుంది. దాన్ని పసిగట్టిన మగచేపలో హార్మోన్లు పెరిగి వీర్యం సిద్ధమవుతుంది. గుడ్లు విడుదలయ్యాక ప్రొస్టాగ్లాండిన్ వాసన వస్తుంది, మగచేప వెంటపడుతుంది. లీటరు నీటిలో ఒక నానోగ్రాము, అంటే గ్రాములో నూరు కోట్ల వంతు, అంతకన్నా తక్కువ మోతాదును కూడా గోల్డ్‌ఫిష్ ముక్కు పట్టగలదు. ఇవేవీ సంకేతం కోసం పుట్టిన అణువులు కావు; ఒంట్లో పని ముగించుకుని బయటపడిన హార్మోన్ల శేషాలే.

మొజాంబిక్ తిలాపియాలో సంకేతం ఇంకో మెట్టు పైకి పోయింది. పోర్చుగల్‌లోని అల్గార్వ్‌లో బరాటా, హబ్బర్డ్, కనారియో బృందం చూపిందేమంటే, పెత్తనం ఉన్న మగచేప మూత్రాన్ని ఆపుకుని నిల్వ చేస్తుంది, ఎదుట పోటీదారో ఆడచేపో ఉన్నప్పుడు కొద్దికొద్దిగా పలుమార్లు వదులుతుంది. ఆ మూత్రంలోని ప్రెగ్ననెట్రయాల్ గ్లూకురోనైడ్లు రెండు ఆడచేపను గుడ్డు పక్వానికి సిద్ధం చేస్తాయని 2014లో తేలింది. పోటీదారు మగచేపను శాంతింపజేయడానికి మాత్రం ఆ రెండూ చాలవు, మొత్తం మూత్రం కావాలి. ఇరుకు చెరువులో ఈ వ్యవస్థకు ఏమవుతుందో ఊహించవచ్చు: ఎవరి మూత్రం ఎవరిదో గుర్తు తెలియకపోతే పెత్తనం వాసనతో కాక కాట్లతో తేలాలి.

మేత వాసనను మార్చడం

మేత మారితే చేప వాసన మారుతుందన్నదానికి అందమైన సాక్ష్యం బుల్‌హెడ్ అనే అమెరికా జెల్లచేపల నుంచి వచ్చింది. ఒకదానినొకటి వాసనతో గుర్తుపట్టగలవని టాడ్, అటెమా, బార్డాక్ 1967లో చూపారు. ఇరవై ఏళ్ల తర్వాత బ్రయంట్, అటెమా ఇంకో ప్రశ్న వేశారు. కలిసి బతుకుతున్న చేపల్లో మేత మారిస్తే ఏమవుతుంది? తొట్టె అదే, తోడూ అదే, అయినా పాత తోడును కొత్త చేపగా భావించి పోట్లాట పెరిగింది. స్టికిల్‌బ్యాక్‌లు తమలాంటి మేత తిన్నవాటి పక్కనే చేరతాయి, అవి తెలిసినవి కాకపోయినా సరే. రోగనిరోధక జన్యువులు ఒకటే ఉన్న తోబుట్టువు చార్ పిల్లల్లో కూడా మేతా, పెత్తనమూ వాసనను విడదీస్తాయని ఓల్సెన్ బృందం 2003లో చెప్పింది. చేప వాసన పుట్టుకతో వచ్చినది కొంత, నిన్న తిన్నది కొంత అన్నమాట. పెంపకంలో ఈ ఫలితానికి తగిన గుర్తింపు రాలేదు. ఒకే తొట్టెలో వేర్వేరు మేతలు తిన్న చేపలను కలిపినప్పుడు, మేత రకాన్ని హఠాత్తుగా మార్చినప్పుడు వచ్చే కాట్లను అందరూ ఆకలికే ముడిపెడతారు.

వేటాడే చేప తిన్నది వేటకు తెలియడం ఇంకా విచిత్రం. కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1938లో మినో చేప చర్మం చిట్లితే బయటపడే పదార్థం గుంపును బెదరగొడుతుందని కనుగొన్నాడు. కార్ప్‌లు, జెల్లలు చేరిన పెద్ద సమూహంలో చాలా జాతులకు ఇలాంటి ప్రమాద వాసన ఉంది. పైక్ అనే వేటచేపకు మినోలను మేపితే, ఆ పైక్ ఉన్న నీటికి మినోలు బెదురుతాయి. ఆ వాసన లేని స్వోర్డ్‌టెయిల్‌ను మేపితే బెదరవు. తిన్నది మలంలో దిగి పైక్‌ను పట్టిస్తోంది. బ్రౌన్, చివర్స్, స్మిత్ 1995లో గమనించినదాని ప్రకారం, పైక్ తాను పొంచి ఉండే చోటుకు దూరంగా వెళ్లి మలం వదులుతుంది. ప్రవర్తన శాస్త్రంలో ఇంత నిక్కచ్చిగా మేత, విసర్జన, సంకేతం ఒకే వరసలో నిలిచిన సందర్భాలు తక్కువ. సముద్రపు లాంప్రే కూడా ఇలాంటిదే. నదిలో పెరుగుతున్న పిల్లల మలంలోని పిత్త ఆమ్లాల వాసనను పట్టుకుని పెద్దవి గుడ్లు పెట్టే నదిని ఎంచుకుంటాయి.

గుంపు వదిలిన నీరు

చేపలు ఉన్న నీరు చేపలు లేని నీటికన్నా భిన్నంగా పనిచేస్తుందన్న ఆలోచనకు వార్డర్ ఆలీ ఆద్యుడు. షికాగోలో 1930లలో ఆయన గోల్డ్‌ఫిష్‌లను వెండి కణాల విషంలో ఉంచాడు. అదే పరిమాణం నీటిలో ఒంటరి చేప త్వరగా చచ్చింది, పది చేపల గుంపు ఎక్కువసేపు నిలిచింది. గుంపు జిగురు విషాన్ని కట్టేసి అడుగున పడేసింది. కొంత గుంపు మేలే చేస్తుందన్నది ఆలీ వాదం.

ఎదుటి పక్షం సాక్ష్యం అలబామాలోని హోమర్ స్వింగిల్ ఇచ్చాడు. కిక్కిరిసిన చెరువుల్లో గోల్డ్‌ఫిష్, బంగారుతీగ గుడ్లు పెట్టలేదు. అవే చేపలను కొత్త నీటికి మార్చగానే పెట్టాయి. నీటిలో సంతానాన్ని అణచే పదార్థం ఉందని 1953లో ఆయన ప్రతిపాదించాడు. 1970లో యూ, పెర్ల్‌మటర్ జీబ్రాఫిష్‌లో, నీలి గౌరామిలో ఎదుగుదలను అణచే అంశం గురించి రాశారు. 1974లో ఓక్ రిడ్జ్ ప్రయోగశాల బృందం గోల్డ్‌ఫిష్, కార్ప్ ఉన్న నీటి నుంచి కొవ్వులాంటి భాగాన్ని తీసి, అది గుండె కొట్టుకునే వేగాన్ని తగ్గిస్తుందని చెప్పింది. క్రౌడింగ్ ఫ్యాక్టర్ అన్న పేరు అప్పుడు స్థిరపడింది. ఆ తర్వాత అర్ధశతాబ్దం గడిచినా ఆ పదార్థపు అణు నిర్మాణం చేతికి రాలేదు. ఇన్నేళ్లలో చేపల స్టెరాయిడ్, ప్రొస్టాగ్లాండిన్, పిత్త ఆమ్ల ఫెరమోన్లు ఒక్కొక్కటే నిర్మాణంతో సహా బయటపడ్డాయి. ఈ తేడా చూస్తే, ఇరుకు పదార్థం ఒక్కటి కాదని, అమోనియా, బొగ్గుపులుసు వాయువు, స్టెరాయిడ్ శేషాలు, జిగురు అన్నీ కలిసి చూపే ఫలితానికి పెట్టిన పేరని భావించడమే సబబుగా తోస్తుంది. స్వింగిల్ చూసిన దృశ్యం మాత్రం నిజమే. మన శీలావతి, బొచ్చె నిలవ నీటి చెరువులో ఈనవు, వరద నీటికే ఈనుతాయి. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌదరి, అలికున్హి పిట్యూటరీ గ్రంథి సారాన్ని ఎక్కించి ఇలాంటి కార్ప్ చేపలను ఈనించినప్పుడు, నీరు ఇవ్వని సంకేతాన్ని సూది ఇచ్చింది.

సంకేతాన్ని ఇరుకు ఇంకో విధంగా కూడా పాడుచేస్తుంది. బెదిరిన చేప, గాయమేమీ లేకుండానే, నీటిలోకి ఏదో వదులుతుంది. పొరుగు చేపలు అప్రమత్తమవుతాయి. అందులో యూరియాకు వాటా ఉందని గ్రాంట్ బ్రౌన్ బృందం 2012లో సూచించింది. కన్విక్ట్ సిక్లిడ్ పిల్లలు లీటరుకు అర మిల్లీగ్రాము యూరియాకే భయపడినట్టు ప్రవర్తించాయి. అదే చేపలను ముందుగా యూరియా ఉన్న నీటిలో ఉంచి, తర్వాత మరో మోతాదు ఇస్తే స్పందన తగ్గిపోయింది, కొన్నిట్లో లేకుండాపోయింది. సంతలో గుసగుస వినబడనట్టే, విసర్జన నిండిన నీటిలో కొత్త విసర్జన వార్తగా నిలవదు. మేత ఎక్కువై, చేప ఎక్కువై యూరియా, అమోనియా నేపథ్యం పెరిగిన చోట ఈ తొలి హెచ్చరిక పనిచేయకపోవచ్చు. మరోవైపు, ఒత్తిడికి లోనైన ట్రౌట్ ఉన్న నీటిని ప్రశాంతంగా ఉన్న ట్రౌట్ తొట్టెకు మళ్లిస్తే వీటిలోనూ కార్టిసాల్ పెరుగుతుందని 2004లో టోవా, అఫొన్సో, ఇవామా చూపారు. అంటే కొన్ని కబుర్లు మసకబారుతాయి, భయం మాత్రం తొట్టె నుంచి తొట్టెకు పాకుతుంది.

కుళ్లిన ఆకు, మలం నుంచి పుట్టే హ్యూమిక్ ఆమ్లం కూడా ఈ లెక్కలో ఉంది. గోల్డ్‌ఫిష్ ముక్కు స్టెరాయిడ్ ఫెరమోన్‌ను పట్టే శక్తిని అది తగ్గిస్తుందని హబ్బర్డ్ బృందం 2002లో చెప్పింది. మెక్సికోలో మురుగు కలిసిన వాగు నీటిలో స్వోర్డ్‌టెయిల్ ఆడచేపలు తమ జాతి మగచేప వాసనను వేరుచేయలేకపోయాయని 2006లో ఫిషర్, వాంగ్, రోసెంతాల్ రాశారు. ఈ రంగంలో ప్రతి ఫలితాన్నీ ఒకేలా నమ్మడానికి వీల్లేదు. సముద్రంలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే పగడపు దిబ్బల చేపల ఘ్రాణం తారుమారవుతుందని 2009 నుంచి వచ్చిన వాదాలను, 2020లో నేచర్‌లో వచ్చిన విస్తృత పునఃపరీక్ష నిలబెట్టలేదు. చిన్న నమూనాలతో, చూసేవాడికి ముందే ఫలితం తెలిసిన ప్రయోగాలతో చెప్పిన ప్రవర్తన ఫలితాలను మళ్లీ పరీక్షించేదాకా పక్కన పెట్టడం మేలు.

చెరువులోనూ తొట్టెలోనూ

పై విషయాలు చెరువు గట్టు మీద కలిసే చోటు పగటి వేళల లెక్క. పొద్దున మేత వేస్తే నాలుగు గంటల తర్వాత అమోనియా విసర్జన శిఖరానికి చేరుతుంది. వేడినీటి చేపలో అంతకన్నా ముందే చేరవచ్చు. సరిగ్గా ఆ వేళకే పాచి బొగ్గుపులుసు వాయువును పీల్చేసి పీహెచ్ పెంచుతుంది. పుట్టిన అమోనియాలో ఎక్కువ భాగం విషరూపంలోకి పోయే వేళ అదే. పాచి అదే సమయంలో అమోనియాను తినేస్తుంది కూడా కాబట్టి, ఏ ప్రభావం గెలుస్తుందన్నది పాచి ఎంత ఆరోగ్యంగా ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. మబ్బు పట్టి పాచి చచ్చిన మర్నాడు అమోనియా ఒక్కసారిగా ఎగబాకడం ఇందువల్లనే; తెల్లవారుజామున చేప పైకి తేలడం ప్రాణవాయువు తగ్గడం వల్ల. ఏరేటర్ ప్రాణవాయువును ఇస్తుంది కానీ, అప్పటికే నీటిలో ఉన్న అమోనియాను పెద్దగా తగ్గించదు. ఆ సమయంలో మేత ఆపడమే వెంటనే పనిచేసే మార్గం. అయితే కడుపులో మేత ఉన్న ట్రౌట్ అమోనియా విషాన్ని పస్తున్న ట్రౌట్‌కన్నా బాగా తట్టుకుంటుందని విక్స్, రాండల్ 2002లో చూపారు. మేత ఆపితే పుట్టే అమోనియా తగ్గుతుంది, దీర్ఘకాలం ఆపితే తట్టుకునే శక్తీ తగ్గుతుంది.

నీటిని వడపోసి తిరిగి వాడే తొట్టె పద్ధతుల్లో ప్రశ్న ఇంకో మెట్టు ఎక్కింది. బ్యాక్టీరియా పొర అమోనియాను నైట్రేట్‌గా మార్చేస్తుంది, కాబట్టి అమోనియా అదుపులోనే ఉంటుంది. కార్టిసాల్, టెస్టోస్టిరాన్ వంటి స్టెరాయిడ్లు మాత్రం పూర్తిగా పోవు. ట్రౌట్ తొట్టెల్లో, నైల్ తిలాపియా తొట్టెల్లో ఇవి పేరుకోవడాన్ని మోటా, మార్టిన్స్, వారి సహచరులు కొలిచారు. కొత్త నీరు కలపడం బాగా తగ్గించిన తిలాపియా వ్యవస్థలో పెద్ద చేపల ఎదుగుదల మందగించే ధోరణి, చిన్నవి అలాగే లేదా మెరుగ్గా ఎదిగే ధోరణి కనిపించాయి. అమోనియా మీటరు సున్నా చూపుతున్న నీరు, చేప ముక్కుకు శుభ్రమైన నీరు కాకపోవచ్చు. ఓజోన్, కర్రబొగ్గు వడపోతలు ఈ శేషాలను తీసేయగలవు. వాటిని పెట్టిన తొట్టెనూ, పెట్టని తొట్టెనూ ఒకే సంఖ్యలో చేపలతో, ఒకే మేతతో, ఒక్కో కిలో చేపకు ఒకే నీటి ధారతో పక్కపక్కన నడిపితే, స్వింగిల్ నాటి నుంచి తేలని ప్రశ్నలో వాసన వాటా ఎంతో, అమోనియా వాటా ఎంతో విడదీయవచ్చు.